గుండెది కాని గీత

ఎవరన్న "ఏం నౌకరి చేసినవమ్మా?" అని అడిగితే "ఈసీజీ తీసేదాన్ని" అని చెప్త. అంటే గుండె ఫొటో తీసుడా అంటరు. కాదు కాదని చెప్పి చెప్పి యాష్టకొచ్చి, ఇప్పుడు అవుననే అంటున్న. నిజానికి నా పనిల సగం గుండెతోని కాదు. కాయిదం మీద గుండెది కాని గీత పడితే గుర్తువట్టుడు, అది ఏడికెల్లి వస్తున్నదో దేవులాడుడు, దాన్ని పక్కకు జరుపుడు. గిదే పని. ఇంగ్లీషుల దానికి ఆర్టిఫాక్ట్ అని పేరున్నది. మా హాస్పిటల్ల మేము గడబిడ అనేటోళ్ళం.

మా అక్క మనుమరాలు ఈ మధ్యనే అమీన్‌పూర్‌ల ఒక ల్యాబ్‌ల ఇదే పనికి చేరింది. ఫోన్ చేసి, "అమ్మమ్మా, నీకు తెల్సింది నాకు జెర చెప్పరాదూ" అన్నది. ఫోన్ల చెప్పుడు మొదలువెడితే ఒడవలే. అందుకే రాస్తున్న. ప్రమోషన్లు, సీనియారిటీ లొల్లి, యూనియన్ ఎలక్షన్లు ఇందుల రాస్తలేను. అవి అందరి నౌకరిల ఒక్క తీరుగనే ఉంటయి.

మాది కొండాపూర్ దిక్కు పల్లె. మా నాయిన జొన్న, కంది వేసేటోడు. నేను ఇంటర్ల సైన్స్ చదివి, పట్నంల పెద్ద దవఖానల ట్రైనింగ్ అయిన. మా ఆయన పటాన్‌చెరుల ఒక ఫ్యాక్టరీల ఫిట్టర్. పెండ్లయినంక చిట్కుల్‌ల కిరాయి ఇంట్ల కాపురం పెట్టినం. గప్పుడే, ఎనభైల నడుమ, కార్మికుల కోసం నడిచే ఒక చిన్న హాస్పిటల్ల ఈసీజీకి ఆడమనిషి కావాలె అని తెల్సింది. మొగ టెక్నీషియన్ ముందట ఆడోళ్ళు రవికె గుండీలు విప్పరు. నన్ను తీసుకున్నది గందుకే. చదువు చూసి కాదు.

మోటు గీత

మా గది పొడుగు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఒక రెగ్జిన్ బల్ల, ఒక కర్టెన్, ఒక స్టూలు, చిన్న టేబుల్ మీద మిషన్. అప్పటి మిషన్లకు తెర లేదు. ఒక వేడి సూది ఉంటది. మైనం పూసిన కాయిదం దాని కిందికెల్లి జరుగుతుంటే, సూది కదిలిన దగ్గర మైనం కరిగి నల్లగ గీత పడ్తది. ఎండాకాలం ఆ కాయిదం చేతికి అంటుకునేది. దాని వాసన నాకు ఇప్పటికి గుర్తే. మాడిన మైనం, ఒంటికి పూసే జెల్లీ, మనిషి చెమట కలిసిన వాసన. గది బయట బొంబాయి రోడ్డు. లారీలు పోతుంటే కిటికీ అద్దం గలగల అనేది.

చేరిన కొత్తల నేను తీసిన గీత సన్నగ రాకపోయేది. బొగ్గుతోని గీసినట్టు లావుగ, గరుకుగ వచ్చేది. మిషన్ మీద ఫిల్టర్ అని ఒక బటన్ ఉండె. అది ఒత్తితే గీత సన్నబడేది. నేను ఒత్తుకుంటనే పోయిన.

మా పెద్ద డాక్టర్ సుభద్ర మేడం. గోదావరి దిక్కు మనిషి. ఆమె భర్త ఇక్కడ సర్కారు ప్లాంటుల ఆఫీసరుగ వస్తే ఆమె కూడ వచ్చి, ఈ హాస్పిటల్ల చేరిండ్రు. తెల్ల నూలు చీర, జేబుల్లేని కోటు, మెడల స్టెతస్కోపు. గట్టిగ మాట్లాడంగ నేను ఎన్నడు ఇనలే. ఒకరోజు నేను గీత తీసిన కాయిదాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసి, "ఫిల్టర్ ఎందుకు నొక్కావు విజయా?" అని అడిగిండ్రు.

"గీత సన్నగ వస్తది మేడం."

"గీత సన్నబడిందా, జబ్బు సన్నబడిందా?"

ఆమె తిట్టలే. గుండె చెప్పే చిన్న చిన్న మాటలు కూడ ఆ బటన్‌తోనే పోతయని, చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకునుడు కాదు, ఎవరు చేస్తున్నరో చూసి రావాలని చెప్పిండ్రు. చెప్పి ఊకోలే. ఓపీ అయిపోయినంక నా గదికి వచ్చి కూసున్నరు. ట్యూబులైటు ఆర్పి చూసినం. ఫ్యాను బందు చేసి చూసినం. బల్లను గోడ నుంచి ఇవతలికి గుంజినం. ప్రతిదానికి జెర జెర తగ్గింది గని పోలే. ఆఖరికి ఎలక్ట్రీషియన్ యూసుఫ్ భాయ్‌ని పిలిచినం. ఆయన వెనక గోడ పక్కన ఎర్తింగ్ గుంత మూత తీసి, "పూరా సూఖ్ గయా మేడం" అన్నడు. మట్టి ఎండి నెర్రెలు వాసింది. కరెంటు దిగనీకి తొవ్వ లేదు. గుంతల ఉప్పు, బొగ్గు వేసి, బకెట్ తోని నీళ్ళు ఒంపిండు. ఆయన బయట ఒంపుతుంటే, లోపల నా కండ్ల ముందటనే గీత సన్నబడుకుంట వచ్చింది. చివరికి వెంట్రుకంత అయ్యింది.

మేడం చిన్నపిల్ల లెక్క నవ్విండ్రు. ఆ నవ్వు కోసం నేను ఆ తర్వాత చానా పని చేసిన. దాపరికం ఏం లేదు. మంచి బాసు అంటే జీతం పెంచేటోళ్ళు కాదు. ఓపీ అయినంక ఇంటికి పోకుండ నీ పక్కన స్టూలు మీద కూసొని, నీకు అర్థం కానిది నీతోని కలిసి దేవులాడేటోళ్ళు. మేడం తర్వాత నాకు ఇంకో ముగ్గురు బాసులు వచ్చిండ్రు. ఒకాయన అయితే ఎంతమందికి తీసినవు అని తప్ప ఏమీ అడుగకపోయేది. చెడ్డోడు కాదు. ఆయనకు ఆ స్టూలు మీద కూసునే అవసరం రాలే, గంతే.

చల్లటి చేతులు

కరెంటు గడబిడ కంటె మనుషుల గడబిడ ఎక్కువ. మనిషి వణికితే ఆ కండరాల కరెంటు కూడ కాయిదం మీద పడ్తది. గీత పొడుగూత సన్న ముండ్లు మొలిచినట్టు కనవడ్తది. చలికి వణికితే దుప్పటి కప్పితే సాలు. భయానికి వణికితే దుప్పటి పనిచేయదు.

ఒకసారి ఒక కొత్త కోడలు వచ్చింది. దడ పుడ్తున్నదని అత్త తోలుకొచ్చి బయట కూసున్నది. పిల్ల బల్ల మీద పండుకొని, నేను కాళ్ళకు చేతులకు మిషన్ తీగెలున్న పట్టీలు కడుతుంటే కండ్లు పెద్దగ చేసి మిషన్ దిక్కే చూస్తున్నది. సూది ఒకటే ముండ్లు గీస్తున్నది. నా అరచేతులు రుద్ది వెచ్చగ చేసి ఆమె మణికట్ల మీద పెట్టిన. అయినా ఆగలే. అప్పుడు మెల్లగ అడిగింది.

"అక్కా, మనసుల ఉన్నది గూడ ఇందుల అచ్చు పడ్తదా?"

"పడదు బిడ్డా. గుండె కొట్టుకునుడే పడ్తది."

"మా అత్త సదివితే గూడ తెల్వదా?"

"డాక్టరు సదివినా తెల్వదు."

ఆమె పెద్దగ ఊపిరి ఇడిచింది. గీత ఒకసారి కిందికి మీదికి ఊగి, తర్వాత చెరువు నీళ్ళ లెక్క నిలబడింది. గుండె మంచిగనే ఉన్నది. రక్తం తక్కువున్నదని మేడం గోలీలు రాసిండ్రు. ఆ పిల్ల మల్ల రాలే. ఆమె మనసుల ఏమున్నదో నేను అడగలే, అడుగుడు నా పని కాదు. కానీ ఇన్నేండ్లయినా, బస్సుల ఆ ఈడు మనిషి కనవడితే ఆమెనేనా అని మొకం చూస్త.

కొత్తగ వచ్చే పిల్లలకు ఒక్క మాట. "కదలొద్దు, కదలొద్దు" అని అరిస్తే ఎవ్వరు ఆగరు. ఇంకింత బిగుసుకుంటరు. ముందుగల నీ చేతులు వెచ్చగ చేసుకో.

మల్లేశన్న

ఇగ నేను రాయాలనుకున్న అసలు సంగతి ఇది.

మల్లేశన్న వెల్డర్. మా చిట్కుల్‌లనే, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉండె. మందుల కంపెనీలకు పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు చేసే ఒక షెడ్డుల కాంట్రాక్టరు కింద పని. బక్కపలచని మనిషి, మెడ మీద నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. ఆయన వేసిన అతుకు చీమల బారు లెక్క సీదా ఉంటదని మా ఆయన అనేటోడు. ఫిట్టర్లు వెల్డర్లను ఊకనే మెచ్చుకోరు.

తొంభైలల్ల ఒకరోజు భార్య సత్తెక్కతోని హాస్పిటల్‌కు వచ్చిండు. ఆమె చేతుల ఒక ప్రైవేటు క్లినిక్కు ఈసీజీ, గోలీల చిట్టి ఉన్నయి. ఆ క్లినిక్కోళ్ళు మల్లేశన్న గుండె పైగదులు విపరీతంగ అదురుతున్నయి, మిషన్ల దగ్గర పని చేయొద్దు అని చెప్పిండ్రట. కాంట్రాక్టరు ఇంటికి పొమ్మన్నడు. వాళ్ళు ఇచ్చిన గోలీలు మింగుతుంటే కండ్లు తిరుగుతున్నయి, రెండుసార్లు పడ్డడు. నాలుగు నెలల సంది ఇదే కథ. గుండె బాగయితే మల్ల పనికి పోతడని సత్తెక్క ఆశ.

ఆయన బల్ల మీద పండుకున్నడు. కుడి చెయ్యి తువ్వాల కింద ఉన్నది. పట్టీ కట్టాలె, తువ్వాల తియ్యన్నా అంటే తీసిండు గని, చెయ్యిని నడుము కిందికి దోపి దాని మీద బరువు వేసి పండుకున్నడు. నేను పెద్దగ పట్టించుకోలే. మిషన్ నడిపిన. మొదటి గీతల గుండె కొట్టుకునే దెబ్బల నడుమ రంపం పండ్ల లెక్క అలలు. రెండో గీతల గూడ అంతే. క్లినిక్కు కాయిదం మీద ఉన్నదే నా కాయిదం మీద వచ్చింది. పాపం, నిజమే అనుకున్న. మేడంను పిలిచిన.

ఆమె మొదటి రెండు గీతలు చూసి ముందటికి పోయిండ్రు. మూడో గీత మీద వేలు పెట్టి అట్లనే నిలబడ్డరు.

ఇది జెర చెప్పాలె. మిషన్ ఒక్కోసారి రెండు పట్టీల నడుమ చూస్తది. మొదటి గీత రెండు చేతుల నడుమ. రెండోది కుడి చేతికి, కాలికి నడుమ. మూడోది ఎడమ చేతికి, కాలికి నడుమ. అంటే మూడో గీతల కుడి చెయ్యికి పని లేదు. ఆ మూడో గీతల అలలు లెవ్వు. గుండె దెబ్బ, తర్వాత నిమ్మళంగ సన్న గీత, మల్ల దెబ్బ.

"గుండె ఒక్కటే కదా విజయా" అన్నరు మేడం. "ఒక గీతలో పరుగెత్తి ఇంకో గీతలో నడవదు."

అని, మల్లేశన్న నడుము కింద ఉన్న కుడి చెయ్యిని మెల్లగ ఇవతలికి తీసిండ్రు. బొటనవేలు, చూపుడువేలు కలిసి ఏదో గోలీ చేస్తున్నట్టు ఆడుతున్నయి. మేడం తన రెండు చేతులతోని ఆ మణికట్టును గట్టిగ పట్టుకొని, ఇప్పుడు తియ్యి అన్నరు. రెండో గీతల అలలు సగానికి సగం పడిపోయినయి. ఇడిచిపెట్టిండ్రు. మల్ల లేచినయి.

నాకు సంబురమైంది. మేడంకు గూడ అయ్యింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకొని, "నీ గుండె బ్రహ్మాండంగా ఉందయ్యా. ఆ అలలు గుండెవి కావు. చెయ్యి వణుకు" అని చెప్పిండ్రు.

మల్లేశన్న నవ్వలే. మొకం తెల్లవడ్డది. లేచి కూసొని, కుడి చెయ్యిని ఎడమ చంక కింద పెట్టుకున్నడు.

"మేడం, చిట్టి మీద గుండె అనే రాయండి" అన్నడు.

"లేని జబ్బు ఎలా రాస్తాను?"

"గుండె బీమారంటే జాలివడ్తరు మేడం. నాలుగు రోజులైనంక మల్ల పిలుస్తరు. చెయ్యి వణుకుతున్నదంటే వెల్డర్‌ను ఎవ్వడు పిలువడు."

ఆ మాటకు సత్తెక్క తలకాయ ఎత్తింది. ఎన్ని రోజుల సంది వణుకుతున్నదని అడిగింది. తర్వాత తెల్సింది, ఏడాదికి పైననే. షెడ్డుల అతుకులు వంకర పోతుంటే తాగి వస్తున్నడు అన్నరట. నిజం చెప్పుడు కంటె అదే నయమని ఊకున్నడు. ఇంట్ల గూడ ఆమె తాగుడే అనుకున్నది. ఆ గొడవల్ల రెండు నెలలు మాటలు లెవ్వు. గుండె అని క్లినిక్కోళ్ళు చెప్పినంకనే మల్ల అన్నం ఒడ్డించి పక్కన కూసున్నది. అందుకే ఆ తప్పు చిట్టిని ఆయన అంత జాగ్రత్తగ పట్టుకొచ్చిండు.

మంచి మాట చెప్పి ఒక మనిషిని గట్ల కూలగొట్టుడు నేను గప్పుడే చూసిన. సత్తెక్క ఏడువలే, కొట్లాడలే. ఆయన చంక కిందికెల్లి ఆ చెయ్యిని తీసి, "గింత దాస్తవా నా దగ్గర" అన్నది.

ఆ తర్వాత

మేడం క్లినిక్కోళ్ళ గోలీలు మెల్లమెల్లగ తగ్గించి బందు చేసిండ్రు. కండ్లు తిరుగుడు ఆగింది. పట్నంల నరాల డాక్టరుకు ఉత్తరం రాసి పంపిండ్రు. నరాల జబ్బే అని తేలింది. ఏండ్ల తరబడి పీల్చిన వెల్డింగ్ పొగతోని వచ్చిందా, ఊకనే వచ్చిందా అంటే, అనుమానం ఉన్నది గని గట్టిగ చెప్పలేము అన్నరట. ఆ డాక్టరు నిజమే చెప్పిండు అనుకుంట. గట్టిగ చెప్పేటోళ్ళు ఎవ్వరు రాలే, ఆ సంగతి మాత్రం నాకు ఎరుకే.

మేడం కాంట్రాక్టరును హాస్పిటల్‌కు పిలిపించి మాట్లాడిండ్రు. వెల్డింగ్ కాకుంటే స్టోరుల, గేటు కాడ, ఏదన్న పని ఇయ్యమన్నరు. ఆయన సల్లగ మాట్లాడే మనిషి. చూస్త మేడం, తప్పకుండ చూస్త అనుకుంట పోయిండు. చూడలే. మేడం రెండోసారి పిలిస్తే రాలే. ఆమె ఇంకేం చేయగలరు? ఈ పనిల ఉన్నోళ్ళు తెల్సుకోవాల్సిన ఇంకో సంగతి ఇది. కాయిదం మీద గడబిడ ఏడికెల్లి వచ్చిందో కనుక్కునుడు మన చేతుల ఉంటది. కాయిదం అవతల ఉన్నది ఉండదు.

సత్తెక్క ఒక బిస్కెట్ కంపెనీల ప్యాకింగ్‌కు పోవుడు మొదలువెట్టింది. మల్లేశన్న ఇంట్ల వంట చేసేటోడు. కూరగాయలు కోసుడు కాదు గని, పప్పు ఏసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేటోడు. మా ఆయన ఆదివారాలు పోయి ఆయన పక్కన అరుగు మీద కూసునేటోడు. ఇద్దరు పని ముచ్చట్లే చెప్పుకునేటోళ్ళు. రోడ్డు మీద ట్యాంకు వేసుకొని లారీ పోతే మల్లేశన్న లేచి నిలబడి, అతుకులు చూసేటోడని మా ఆయన ఇంటికొచ్చి చెప్పేటోడు. "ఇది ఎవడు చేసిండో గని, చేతుల పని ఉన్నది" అనేటోడట. అతుకు మంచిగ లేకుంటే మల్ల కూసునేటోడట.

నరాల డాక్టరు గోలీలతోని రెండు మూడేండ్లు కొంత నయముండె. తర్వాత ఎడమ చేతికి, కాళ్ళకు గూడ పాకింది.

బటన్ గురించి

ఇప్పటి మిషన్లు చిన్నగ, ముద్దుగ ఉన్నయి. మేము ఒక్కొక్కటిగ తీసిన పన్నెండు గీతలు ఇప్పుడు ఒక్కసారే వస్తయి. గడబిడ అంతా లోపలనే కడిగేసి, సాఫు చేసి ఇస్తయి. అక్క మనుమరాలు ఫోన్ల ఫొటో పంపింది, నేను తీసిన ఏ గీత కూడ అంత అందంగ లేదు. మిషన్ చెడ్డదని నేను అనను. రోజుకు అంతమంది వస్తుంటే మా తీరు నడువదు. కానీ మిషన్ కడిగేసిన దాంట్ల ఏమున్నదో ఒక్కసారన్న చూడుండ్రి అని నేనంటున్న. ఫిల్టర్ లేకుండ ఒక గీత తీసి, తర్వాత ఫిల్టర్ పెట్టి ఇంకొకటి తీయుండ్రి. ఎక్కువ సేపు పట్టదు.

మల్లేశన్న సంగతి అయినంక మేడం నాకు ఒక అలవాటు చేసిండ్రు. గీత చెడిపోయిన కాయిదాన్ని పారేసే ముందు ఆమెకు చూపించాలె. నేను మంచి గీత చేతికిస్తే తీసుకొని, "పాడైంది కూడా పట్రా" అనేటోళ్ళు. ఆ రెండూ పక్క పక్కన పెట్టుకొని చూసేటోళ్ళు. అట్ల చూసి ఒక ముసలవ్వకు గొంతుల గ్రంథి జబ్బు ఉన్నదని పట్టుకున్నరు. గుండె కోసం వచ్చింది ఆమె. సన్న వణుకు పట్టిచ్చింది.

మేడం భర్త రిటైరైనంక వాళ్ళు గోదావరి దిక్కు పోయిండ్రు. పోయే రోజు నా గదికి వచ్చి, ఆ స్టూలు మీద ఒక నిమిషం కూసొని పోయిండ్రు. కొన్నేండ్లకు ఆమె కాలం చేసిండ్రని తెల్సింది. అప్పటికి నెల దాటింది. నేను ఆ రోజు గూడ పని చేసిన. గీతలు తీసుకుంటనే ఉన్న.

పని ఇడిచినంక నాకు ఏం యాదికొస్తది అంటే, అందరు అనుకున్నట్టు పేషంట్లు కాదు. మధ్యాహ్నం ఓపీ ఒడిసినంక గది. కిటికీల ఎండ. మాడిన మైనం వాసన. వాకిట్ల చెప్పుల చప్పుడు వినవడితే, మేడం వస్తున్నరు, ఇయ్యాల ఏం చూపియ్యాలె అని తయారుగుండుడు. ఇప్పుడు ఇంట్ల గూడ పగటిపూట చెప్పుల చప్పుడైతే చెయ్యి ఊకనే కాయిదం కోసం దేవులాడ్తది. కోడలు చూసి, ఏంది అత్తమ్మా అంటది. ఏం లేదని చెప్త.

మేడం గోదావరి దిక్కు పోయే ముందటి ఎండాకాలం

ఆఖరుకు ఒక మధ్యాహ్నం సంగతి చెప్పి ఆపుత.

మల్లేశన్నకు ముందురోజు సంది ఛాతిల నొప్పి. సత్తెక్క ఆటోల వేసుకొని వచ్చింది. పని నుంచి అట్లనే వచ్చింది, చీర మీద బిస్కెట్ పొడి ఉన్నది. మేడం చూసి, గుండె నొప్పి తీరుగ లేదు గని ఈసీజీ లేకుండ ఇంటికి పంపను అన్నరు. నొప్పికి గోలీ ఇచ్చి నా గదికి పంపిండ్రు.

అప్పటికి ఆయన రెండు చేతులు, రెండు కాళ్ళు, గదవ గూడ వణుకుతున్నయి. నేను పట్టీలు కట్టి మిషన్ నడిపితే కాయిదం మీద గుండె ఏడున్నదో కనవడలే. అంతా అలలే. చేతుల పట్టీలు తీసి భుజాల కాడ పెట్టిన. కాళ్ళవి తీసి తొడల మీదికి తెచ్చిన. దుప్పటి కప్పిన, చేతులు పట్టుకున్న. కొంచెం తగ్గింది, సరిపోలే. ఆయన, "నా తోని నీకు తిప్పలు చెల్లె" అన్నడు. మాట గూడ వణుకుతున్నది.

మేడం వచ్చి కాయిదం చూసి, రాత్రి నిద్రపోయాడా అని సత్తెక్కను అడిగిండ్రు. నొప్పితోని కన్ను మూయలేదని ఆమె చెప్పింది. అయితే పడుకోనిద్దాం అన్నరు మేడం. నిద్రల ఈ వణుకు ఆగిపోతుంది, అప్పుడు తీయి అని నాకు చెప్పి, కర్టెన్ గుంజిండ్రు.

సత్తెక్క నా దిక్కు చూసింది. "ఆగుతదా?" అన్నది.

ఆమెకు తెల్వదు. ఎట్ల తెలుస్తది? పొద్దంతా డబ్బాలు నింపి వచ్చి, మల్లేశన్న వండింది తిని, ఆయన కంటె ముందుగల నిద్రవోయేది. తెల్లారి ఆయన లేచినంక లేచేది.

అంతల కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మిషన్ బ్యాటరీ మీద నడుస్తున్నది. రోడ్డు మీద గూడ ఎండకు లారీలు తక్కువున్నయి. మల్లేశన్న కొంచెం సేపు పైకి చూసుకుంట పండుకున్నడు. గోలీ పనిచేసిందో, రాత్రి నిద్ర లేదో, మెల్లగ రెప్పలు వాలినయి. నేను సూది దిక్కు చూస్తున్న. అలలు మొదలు చిన్నగయినయి. తర్వాత ఎడం ఎడం అయినయి. తర్వాత ఒక్కొక్కటి ఆగినయి. గుండె గీత సాఫుగ బయటకొచ్చింది. నేను ఆ గదిల తీసిన గీతలల్ల అంత శుభ్రమైనది ఇంకోటి యాదికి లేదు.

పన్నెండు గీతలు తీసి, మేడం గదికి పోయి చూపించిన. గుండెకు ఏం కాలేదని, కండరాల నొప్పి అని చెప్పిండ్రు. నాకు జీవం లేచి వచ్చింది. బయట ఇంకా ఐదారుగురు కూసొని ఉన్నరు. ఇగ ఆయన్ని లేపాలె.

నేను కర్టెన్ జరిపి లోపలికి పోయిన. సత్తెక్క బల్ల పక్కకు నిలబడి ఉన్నది. ఆయన కుడి చేతిని తన అరచేతిల పెట్టుకున్నది. ఆ చెయ్యి కదలకుండ ఉన్నది. కాలిన మచ్చలు, వేళ్ళు, గోర్లు, అన్ని కదలకుండ. ఆమె చిన్నపిల్లగాని చెయ్యిని చూసినట్టు చూస్తున్నది.

"ఏండ్లయ్యింది చెల్లె, గీ చెయ్యిని సూసి" అన్నది. "జెరసేపు గిట్లనే ఉండనియ్యి."

నేను మల్ల మేడం కాడికి పోయిన. చెప్పిన. ఆమె ఒక్క క్షణం కలం ఆపి, "మిగతావాళ్ళని తర్వాత పిలుద్దాం. నువ్వు తలుపు దగ్గర కూర్చో" అన్నరు. నేను స్టూలు తెచ్చుకొని తలుపు కాడ కూసున్న. క్యూల ఒకాయన పరేషాన్ అయ్యి, ఎంతసేపమ్మా అన్నడు. లోపల పేషంటు ఉన్నడని చెప్పిన.

సత్తెక్క కూసోలే. కుర్చీ ఉన్నా కూసోలే. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగేదాక అట్లనే నిలబడ్డది. ఆ గాలికి ఆయన కండ్లు తెరిచిండు. వాళ్ళ మాటలు నాకు కర్టెన్ అవతలికెల్లి వినవడ్డయి.

"మస్తు నిద్ర వట్టింది" అన్నడు ఆయన. "కల వడ్డది. పెద్ద ట్యాంకు. మొత్తం నేనే వేసిన. అతుకు సీదా వచ్చిందే."

నేను లేచి కర్టెన్ జరిపిన. ఆయన బొటనవేలు మల్ల ఆడుడు మొదలైంది, ఆమె చేతిల.

సత్తెక్క ఇడిచిపెట్టలే. "సూసిన" అన్నది.